కార్నిష్ గనివారి కొట్టుడు దయ్యాలు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కోలారు బంగారు గనుల నిర్వహణ చేపట్టాక ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ నుంచి గనిపనివారు ఇక్కడికి వచ్చారు. అక్కడ తగరం, రాగి గనులు మూతపడుతున్న రోజులవి.

గనుల్లో నాకర్లనే మరుగుజ్జు ఆత్మలుంటాయని కార్న్‌వాల్‌లో నమ్మేవారు. రాతి వెనక టకటకమని కొట్టి మంచి ఖనిజం ఎక్కడుందో చూపిస్తాయట, కప్పు కూలబోతే హెచ్చరిస్తాయట. అందుకే తినడానికి తెచ్చుకున్న పేస్టీ (లోపల కూర పెట్టి కాల్చిన పిండివంట) అంచు ముక్క వాటికి వదిలేవారు. గనిలో ఈల వేస్తే వాటికి కోపమని భయం. ఆ జనం అమెరికా వెళితే నాకర్లూ టామీనాకర్లై వెంట వెళ్లాయి.

నిజానికి బరువు మోసే దూలాలు, రాళ్లు పగిలే ముందు చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు విని బయటికి పరుగెత్తినవాడికి దయ్యం మేలు చేసినట్టే కదా! కోలారులో ఇలా రాయి పగిలే ప్రమాదం మరీ ఎక్కువ. 3 కిలోమీటర్లు దాటిన ఛాంపియన్ రీఫ్ గని లోతుల్లో ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలిపోయేది. తొలినాళ్లలో దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగు, తమిళ కూలీలకూ ఆ గండం తప్పలేదు. తర్వాతి కాలంలో రాతి చప్పుళ్లను భూకంప పరికరాలతో విన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.