మందమైన గుండె కండరం: రక్తప్రసరణ, మచ్చల చిత్రణ

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతిలో బీపీ వంటి కారణం లేకుండానే గుండె ఎడమ జఠరిక గోడ సాధారణంగా 15 మిల్లీమీటర్లు, అంతకు మించి మందమవుతుంది. ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మందాన్ని ఎకో పరీక్ష చూపిస్తుంది. కండరం లోపలి సంగతి తెలియాలంటే ఎమ్మారై కావాలి.

ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి యాంజియోగ్రామ్ తీస్తే చాలాసార్లు పెద్ద ధమనుల్లో అడ్డంకి కనిపించదు. లోపం సన్నని రక్తనాళాలది: వాటి గోడలు దళసరెక్కి దారి ఇరుకవుతుంది. రక్తనాళాలను వెడల్పు చేసే అడినోసిన్ ఎక్కించి, గెడోలినియం అనే కాంట్రాస్ట్ మందు కండరంలోకి చేరే తీరును ఎమ్మారైలో చిత్రిస్తే, రక్తం చాలని చోటు, ముఖ్యంగా గోడ లోపలి పొర, నల్లగా ఉండిపోతుంది. ఇటలీ వైద్యులు 2003లో పెట్ స్కాన్ ఆధారంగా, ఈ లోపం తీవ్రంగా ఉన్నవారికి తర్వాతి ఏళ్లలో ముప్పు ఎక్కువని చూపారు. వారిలో చాలామందికి అప్పటికి లక్షణాలు స్వల్పమే కావడం గమనించదగ్గది.

గెడోలినియం ఇచ్చిన 10-15 నిమిషాలకు మళ్లీ చూస్తే మంచి కండరం నల్లగా, మచ్చకట్టిన భాగం తెల్లగా కనిపిస్తాయి. గుండెపోటు మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. ఇక్కడ మాత్రం బాగా మందమైన చోట గోడ మధ్యలో, కుడి జఠరిక వచ్చి కలిసే అంచుల్లో అక్కడక్కడా తేలుతుంది. ఎడమ జఠరిక కండరంలో మచ్చ 15 శాతం దాటితే ఆకస్మిక మరణ ముప్పు పెరుగుతుంది. ప్రాణాంతకంగా లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరాన్ని అమర్చాలా వద్దా అని తేల్చడంలో వైద్యులు దీన్నీ లెక్కలోకి తీసుకుంటారు.