ముసలితనము – పెప్టైడులు

హైదరాబాదు నగరమునకు పడమట, బండరాళ్ళును తుప్పలును నిండిన నేలమీద 1998లో సైబర్ టవర్స్ భవనము వెలసెను. నేడు ఆ ప్రాంతమునంతను హైటెక్ సిటీ యనుచున్నాము. అక్కడనే కాదు, చేతిలోని ఫోను తెరచిన వారికెల్ల ఒక వింత సరకును గూర్చిన ప్రకటనలు కానవచ్చుచున్నవి. చిన్న గాజుబుడ్డిలో తెల్లని పొడి. దాని పేరు పెప్టైడు. చీటిపై ‘పరిశోధనకు మాత్రమే’ యని యుండును. ప్రకటనలో మాత్రము యౌవనము మరలివచ్చునను ఆశ.

కాయకల్పముపై మోజు మనకు క్రొత్తది కాదు. సిద్ధ నాగార్జునుని పేర ఎన్ని కథలు వినలేదు! కాని ఈ పొడి రసవాదుల కొలిమిలో పుట్టినది కాదు. మాంసకృత్తులు ఎమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండలు. దండ పొట్టిదైనచో పెప్టైడందురు. 1901లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషరు రెండు పూసలను జతపరచిన విధమును ప్రకటించెను. 1953లో అమెరికాలో డు విన్యో తొమ్మిది పూసల ఆక్సిటోసినును నిర్మించెను. మెట్టు మెట్టునకును సరకును శుద్ధిచేయవలసి వచ్చుటచే పని కడు నెమ్మదిగ సాగెడిది. 1963లో మెరిఫీల్డు, మొదటి పూసను రెసిను గుండునకు అంటించి, తక్కినవానిని ఒకదాని వెంట నొకటి చేర్చుచు, మిగులును కడిగివేయు ఉపాయమును వెల్లడించెను. అంతట దండ గ్రుచ్చుట యంత్రమునకు సాధ్యమయ్యెను.

పదియేండ్లకు, 1973లో, పికార్టు, థేలరు అనువారు మానవ రక్తరసములోని మూడు పూసల పెప్టైడును వర్ణించిరి. అది ఆరోగ్యమైన కాలేయకణముల మనుగడను పొడిగించును. వారి వ్యాసపు పేరులోనే రెండవ మాటయు గలదు: కంతి పుట్టిన కాలేయకణముల పెరుగుదలను సయితము అది ప్రేరేపించును. అమ్మువారి నోట మొదటి మాటయే వినబడును.

ఈ రెండంచుల కత్తిని మన నగరమే చక్కగ పరీక్షించినది. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డిగారును పుష్పమిత్ర భార్గవగారును ఎద్దు వీర్యద్రవమునందు బాక్టీరియాను అణచు సెమినల్‌ప్లాస్మిన్ అను మాంసకృత్తిని గూర్చి ప్రకటించిరి. భార్గవగారు సి.సి.ఎం.బి. సంస్థకు తొలి డైరెక్టరు. ఆ సంస్థలోనే పిదప ఎన్. సీతారాం, ఆర్. నాగరాజుగారలు ఆ 47 పూసల దండనుండి పదమూడింటి తునుకను ఎన్నుకొని, కృత్రిమముగ నిర్మించిరి. అది బాక్టీరియాను చంపినది. ఎఱ్ఱ రక్తకణములను కూడ పగులగొట్టినది! ఈ రెండు సంగతులను 1990లో వారు శీర్షికయందే ప్రకటించిరి. 1992లో సహచరులతో కలిసి, గ్లుటామిక్ ఆమ్లమున్న చోట లైసీనును నిలిపి చూచిరి. బాక్టీరియాపై దెబ్బ హెచ్చినది. రక్తకణములకు కీడు హెచ్చలేదు. తొలగినదని మాత్రము వారనలేదు. ఒక్క పూసకింత పని యున్నచో, ఊరు పేరు లేని బుడ్డిలో ఏ పూస యెక్కడ నున్నదో చూచువారెవరు?

ఇక ముసలితనము మాట. సరోజినీదేవి యింట, గోల్డెన్ త్రెషోల్డులో ఆరంభమై గచ్చిబౌలికి తరలిన హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974 నాటిది. అనగా సైబర్ టవర్స్ కన్న పెద్దది. అచ్చట కల్లూరి సుబ్బారావుగారు ఎలుకల మెదడును ఏండ్ల తరబడి పరిశీలించిరి. మెదడులోని నాడీకణము సాధారణముగ మరల విభజన చెందదు. జన్మించిన నాటి డి.ఎన్.ఏ.నే తుదిదాక బాగుచేసికొనుచు బ్రదుకవలెను. వయసు మళ్ళిన ఎలుకలలో ఈ మరమ్మతు శక్తి తగ్గినదని వారు కనుగొనిరి. 2005లో వారి బృందము ముదుసలి ఎలుకల నాడీకణములనుండి తీసిన సారములో డి.ఎన్.ఏ. పాలిమరేసు బీటా, లైగేసు అను రెండు ఎంజైములను చేర్చగా, డి.ఎన్.ఏ. లోని ఖాళీలను పూడ్చు పని మరల సాగెను.

ఇవి పొట్టి పెప్టైడులు కావు, పూర్తి మాంసకృత్తులు. ఆ పని సాగినది గాజునాళములోని సారమునందు. బ్రదికియున్న ముదుసలి ఎలుక మెదడులో కాదు.