గుత్తి పేరు మోస్తున్న నల్లమల సాలీడు

గుత్తి అనగానే మనలో చాలామందికి కొండమీది కోట గుర్తుకు వస్తుంది. చరిత్ర చదివినవారికి మురారిరావు ఘోర్పడే, రైలు ప్రయాణాలు చేసినవారికి జంక్షను గుర్తుకు రావచ్చు. కానీ యూరపులోనూ అమెరికాలోనూ సాలీళ్ళను పెంచుకునేవారికి గుత్తి అంటే ఒక నీలిరంగు టరాంటులా. మన ఊరిపేరు అంత దూరం వెళ్ళినందుకు సంతోషించవలసిందే. చిక్కల్లా ఏమిటంటే, ఆ సాలీడు గుత్తిది కాదు.

దీని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. 1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ (1863–1947) ఈ పేరు పెట్టాడు. అప్పుడాయన లండనులోని బ్రిటిష్ మ్యూజియం ప్రకృతిశాస్త్ర శాఖలో పనిచేస్తున్నాడు. మన దేశపు సాలీళ్ళనూ తేళ్ళనూ వర్ణిస్తూ 1900లో వెలువడిన 'బ్రిటిష్ ఇండియా జంతుజాలం' సంపుటం కూడా ఆయన రచనే. ప్రజాతి పేరు మాత్రం అంతకుముందే, 1885లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యూజీన్ సీమోన్ పెట్టినది. గ్రీకు మాటల్లో దాని అర్థం చిత్రవర్ణాల మృగం అని. మెటాలికా అన్నది లోహంలా మెరిసే ఆ నీలిరంగును చూసి పెట్టినది.

మన భాష ఈ ప్రాణిని చేసే పనినిబట్టి పిలిచింది. సాలె అంటే నేతగాడు. నేసే పురుగు కనుక సాలెపురుగు. వర్గీకరణ శాస్త్రం పనిని చూడదు, శరీర నిర్మాణాన్ని చూస్తుంది. ఎనిమిది కాళ్ళుండటంవల్ల సాలీడు కీటకం కాదు. ఇంటి మూలల్లో కనిపించే మామూలు సాలీళ్ళ కోరలు పటకారులా ఎదురెదురుగా కలుసుకుంటాయి. టరాంటులాల కోరలు ఒకదానికొకటి సమాంతరంగా, పైనుంచి కిందికి దిగుతాయి. పుస్తకంలో పుటల్లా పొరలుండే ఊపిరితిత్తులు వీటికి రెండు జతలు. వీటి కుటుంబానికి 1869లో స్వీడను దేశస్థుడు తోరెల్ థెరఫోసిడే అని పేరు పెట్టాడు. తమాషా ఏమిటంటే, టరాంటులా అన్న మాట మొదట ఇటలీలోని టరాంటో ఊరి పేరుమీద ఈ కుటుంబానికే చెందని మరో సాలీడుకు ఉండేది. ఊళ్ళ పేర్లు తప్పుదారి పట్టించడం గుత్తితో మొదలైనది కాదన్నమాట!

పోకాక్‌ను ఆకర్షించిన నీలిరంగు కూడా చుట్టరికానికి సాక్ష్యం కాదు. అది రంగుపదార్థంవల్ల వచ్చినది కాదు. ఒంటిమీది రోమాలలోని అతిసూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడంవల్ల కనిపించే నీలం. టరాంటులాలలో ఈ నీలం కనీసం 8 సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. అంటే రెండు సాలీళ్ళు నీలంగా ఉన్నంతమాత్రాన దగ్గరి బంధువులు కానక్కరలేదు. రంగు పేరుకు పనికివస్తుంది గాని వంశవృక్షానికి చాలదు.

ఇక గుత్తి సంగతి. ఏ నమూనాను చూసి జాతికి పేరు పెడతారో అది ఆ పేరుకు శాశ్వతంగా ఆధారం. ఆ నమూనా దొరికిన చోటు కూడా దానితోపాటే గ్రంథాలకెక్కుతుంది. పోకాక్ చూసిన సాలీడు గుత్తిలో, రైల్వేవారి కలప అడితిలో దొరికినది. ఈ సాలీళ్ళు వల పన్ని నడుమ కూర్చునే రకం కాదు. ఎత్తైన చెట్ల తొర్రలలో పగలంతా దాగి ఉండి, రాత్రివేళ బయటికి వచ్చి పురుగులను వేటాడతాయి. చెట్టును నరికినప్పుడు తొర్రలో ఉన్నది దుంగతోపాటే ప్రయాణం కట్టక తప్పదు. అలా రైలెక్కి గుత్తిలో దిగినదే ఆ మొదటి సాలీడని ఇప్పుడు పరిశీలకులు భావిస్తున్నారు.

గ్రంథంలో గుత్తి అని ఉంది. గుత్తిలో మాత్రం సాలీడు లేదు. 102 ఏళ్ళ తరువాత, 2001లో, అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరుల మధ్యనున్న రక్షిత అటవీప్రాంతంలో అది మళ్ళీ కనిపించింది. ఆకురాల్చే అడవి అది, అప్పటికే నరుకుడుకు గురై చితికినది. అక్కడ దాని ఉనికి 100 చదరపు కిలోమీటర్లకు మించదని అంచనా. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి దీనిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. 2019లో ఈ ప్రజాతి అంతటినీ సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేర్చి, దేశాల మధ్య దీని వ్యాపారాన్ని నియంత్రించారు.

పాశ్చాత్య దేశాల్లో ఇది గాజుపెట్టెల్లో పిల్లలు పెడుతూ వర్ధిల్లుతూనే ఉంది. కనుక జాతి నశించదులే అనుకునేవారు ఉండవచ్చు. నేను ఆ మాటతో ఏకీభవించలేను. గాజుపెట్టెలో మిగిలేది సాలీడు మాత్రమే. దాని చెట్టూ, తొర్రా, అది తినే పురుగులూ కావు. సాలీడును ఊరు దాటించినది నరికిన దుంగ. ఈనాడు దాని మనుగడకు ముప్పు తెస్తున్నదీ ఆ నరుకుడే.

శాస్త్రంలో పేరు మార్చనవసరం లేదు; మెటాలికా అన్న పేరులో ఏ ఊరూ లేదు. వాడుకలో మాత్రం గుత్తి సాలీడు అన్నప్పుడల్లా, ఇది నల్లమలదని ఒక్క మాట చేర్చడం మన బాధ్యత అని నా అభిప్రాయం. గుత్తి అది రైలు దిగిన చోటు. కాపాడవలసినది అది రైలెక్కిన చోటును.