జొన్నగటక, వరియన్నము, గుండెజబ్బు

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు రహదారిపై కొత్తకోట ఉన్నది. పూర్వము ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విభజించినపుడు వనపర్తి జిల్లాలో చేరినది. చుట్టుప్రక్కల ఎఱ్ఱని చల్క నేలలు, నడుమనడుమ నల్లరేగడి, గుట్టలు, చెరువులు కలవు. వాన కురిసినచో పంట, లేనిచో వలస. పాలమూరు సీమ పాత చరిత్ర ఈ రెండు మాటలలో ఇమిడి ఉన్నది.

ఇట్టి సీమలో రెండు మూడు తరముల క్రిందట సామాన్యుని ఇంట వరియన్నము పండుగలకును, పెండ్లిండ్లకును, చుట్టము వచ్చిన దినమునకును పరిమితమై ఉండెడిది. మిగిలిన దినములలో జొన్నయే అన్నము. నేడు అదే ఇంట పూటపూటకు వరియన్నము వండుచున్నారు. ఆనాడు అరుదుగా వినబడిన గుండెపోటు, రక్తపు పోటు, మధుమేహము అను మాటలు నేడు పల్లెలలో సైతము నిత్యము వినబడుచున్నవి. "పాత తిండి గట్టి తిండి, అందుచేతనే మన పెద్దలకు గుండెజబ్బు లేదు" అని పలువురు అందురు. ఈ మాటలో నిజమెంత? దీనిని తేల్చుటకు కావలసిన సాక్ష్యములు చాలవరకు మన తెలుగునాటనే లభించుచున్నవి. వానిని వరుసగా పరిశీలింతము.

పాత పళ్ళెములో ఉన్నదేమి?

జొన్నలను రోటిలో దంచి, రవ్వగా విసరి గటక వండెడివారు. పిండి విసరి రొట్టెలు చేసెడివారు. వేసవిలో తైదల అంబలి, చల్ల ప్రాణము నిలిపెడివి. కొర్రలు, సజ్జలును వాడుకలో ఉండెడివి. కందులు, పెసలు, అనుములు జొన్నచేనిలోనే సాళ్ళ నడుమ పండెడివి. కావున జొన్న పండిన ఇంటికి కొంత పప్పును వచ్చెడిది. పుంటికూర, తోటకూర, చింతచిగురు, చేలలో దానంతట అది మొలచు గంగవాయిలికూర కొనవలసిన అవసరము లేని కూరలు. కుసుమలు, నువ్వులు, పల్లీలు గానుగలో ఆడించి తీసిన నూనెను చుక్కలు లెక్కించినట్లు పొదుపుగా వాడెడివారు.

ఈ భోజనమును గుండె దృష్టితో చూతము. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి 100 గ్రాముల జొన్నలలో పీచుపదార్థము సుమారు 10 గ్రాములు ఉండును; మరపట్టిన తెల్లబియ్యములో 3 గ్రాములకు లోపే. మెగ్నీషియము జొన్నలలో 130 మిల్లీగ్రాములకు పైగా ఉండగా తెల్లబియ్యములో 20 మిల్లీగ్రాములైనను లేదు. ధాన్యపు పైపొరలలోను, మొలక భాగములోను ఉన్న సారమును మర తవుడుగా తొలగించుటయే ఈ భేదమునకు ముఖ్యకారణము.

పీచుపదార్థము దేహమునకు అంతగా శక్తినిచ్చునది కాదు. ఐనను దాని పని గొప్పది. పప్పులలో, కూరలలో ఉండు, నీటిలో కరగు పీచు ప్రేవులలోని పైత్యరసపు ఆమ్లములను పట్టుకొని మలముతో వెలుపలికి కొనిపోవును. ఆ లోటు పూరించుటకు కాలేయము రక్తములోని కొలెస్టరాలును వినియోగించుకొని క్రొత్త పైత్యరసమును తయారుచేయును. ఆ విధముగా ధమనుల గోడలలో పేరుకొను చెడు కొలెస్టరాలు తగ్గును. పాలిష్‌పట్టిన బియ్యపు పిండిపదార్థము త్వరగా జీర్ణమై చక్కెరగా మారి రక్తములో కలియును. దానిని అదుపు చేయుటకు ఇన్సులిన్ ఎక్కువగా స్రవింపవలసి వచ్చును. కాయకష్టమునకు మించి తిన్న పిండిపదార్థమును కాలేయము ట్రైగ్లిజరైడులను క్రొవ్వుగా మార్చును. ట్రైగ్లిజరైడులు ఎక్కువగాను, మంచి కొలెస్టరాలు తక్కువగాను ఉండుట భారతీయుల రక్తములో తరచుగా కానవచ్చు లక్షణము. ఇది గుండెకు మేలు చేయునది కాదు.

ఈ లెక్కనుబట్టి పాత పళ్ళెము కూర్పు మంచిదే. కాని కూర్పు ఒకటి, పరిమాణము మరియొకటి.

పాత పళ్ళెములో లేనిదేమి?

మన దేశమున పోషకాహార పరిశోధన 1918లో నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ నాయకత్వమున, బెరిబెరి వ్యాధి విచారణతో చిన్న ప్రయోగశాలగా ఆరంభమైనది. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. ఈ రాకతో జొన్న తినువారి సీమ శాస్త్రజ్ఞుల వాకిటికి వచ్చినట్లయినది.

వారు ఇచట మొదట చూచినది గుండెజబ్బు కాదు, పెల్లాగ్రా. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మతిచలనము దీని లక్షణములు. మొక్కజొన్నయే ఆహారమైన దేశములలో ఈ వ్యాధి పేరుపొందినది. ఇచటనో జొన్నయే ఆహారమైన పేదలలో కానవచ్చినది. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు జొన్నలో అధికముగా ఉన్న లూసిన్ అను అమైనో ఆమ్లము దీనికి కారణము కావచ్చునని ప్రతిపాదించిరి. దీనిపై తరువాత వాదోపవాదములు జరిగినవి. ఐనను ఒక విషయము స్పష్టము. పప్పు, పాలు, కూరలు లేక వట్టి జొన్నతో కడుపు నింపుకొనువాడు రోగగ్రస్తుడగుచుండెను. మనము పైన వర్ణించిన నిండు పళ్ళెము అందరి ఇంట, అన్ని నెలలలో ఉండెడిది కాదు.

దీనికి మరియొక సాక్ష్యము పాలమూరులోనే ఉన్నది. 1972లో పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ 1975లో కొన్ని గ్రామములను ఎన్నుకొని, కుటుంబముల సేద్యమును, ఆదాయమును ఏండ్ల తరబడి పరిశీలింప మొదలిడినది. వానిలో మహబూబ్‌నగరు జిల్లాలోని అవురుపల్లి, దేవరకద్ర దగ్గరి డోకూరు ముఖ్యమైనవి. డోకూరు కొత్తకోటకు దూరము కాదు. ఈ రెండింటితోపాటు మహారాష్ట్రలోని నాలుగు గ్రామములలో 1976-78 నడుమ ఎవరెవరు ఏమేమి తినుచున్నారో విచారించిరి. అంతవరకు మన ఆహారములో పెద్ద లోపము మాంసకృత్తులదని పలువురు తలంచుచుండిరి. విచారణలో తేలినది వేరు. శక్తినిచ్చు ఆహారమే చాలుట లేదు. దానితోపాటు కాల్షియము, ఎ, బి, సి విటమినులును కొరతగానే ఉన్నవి. అనగా తిండి కూర్పు కన్న ముందు తిండియే చాలలేదు.

ఇంకొక మాట. 1941-51 దశాబ్దములో భారతీయుని సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. పసిప్రాయమున మరణించిన వారు ఎందరో ఉండుటచే సగటు అంత తక్కువైనది. గుండెజబ్బు సామాన్యముగా నడివయస్సు దాటిన తరువాత పైకి వచ్చునది. అనేకులు ఆ వయస్సునకు చేరకమునుపే కలరా, మలేరియా, క్షయలకు బలియగుచుండిరి. రక్తపు పోటు కొలుచు సాధనము పల్లె చేరని కాలమది. కావున "పెద్దలకు గుండెజబ్బు లేదు" అను మాటను ఉన్నదున్నట్లుగా స్వీకరింపరాదు.

బియ్యము వచ్చిన విధము

కొత్తకోట సమీపమున సైఫన్ పద్ధతిపై నిర్మించిన సరళాసాగరము 1959లో పూర్తియైనది. నల్లగొండవైపున నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. తరువాత బోరుబావులు, క్రొత్త వరి వంగడములు వచ్చినవి. ఐనను పేదవాని పళ్ళెమును మార్చినది ప్రధానముగా 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యము పథకము. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప 2015నుండి మనిషికి 6 కిలోల చొప్పున రూపాయికి కిలో బియ్యము ఇచ్చిరి. 2025 ఉగాదినాడు హుజూర్‌నగరులో సన్నబియ్యము ఉచితముగా ఇచ్చు పథకమును ఆరంభించిరి.

ఈ మార్పును తేలికగా నిందింపరాదు. వలసపోయి ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీకి చవుకబియ్యము ఆకలినుండి విముక్తి కలిగించినది. వేకువజామున జొన్నలు దంచి, విసరి చేతులు కాయలు గాచిన స్త్రీకి అది గొప్ప విశ్రాంతి. జొన్నచేనికి పిట్టల బాధ. మార్కెటులో ధర నిలువదు. ఆ చేలు ప్రత్తికి, మొక్కజొన్నకు, వరికి మారినవి. జొన్నతోపాటు సాళ్ళ నడుమనున్న కందులు, అనుములును, గట్లమీది ఆకుకూరలును తగ్గినవి. మనము గమనింపవలసిన నష్టమిది. ఆకలి పోవుట మేలు. ఆకలితోపాటు పప్పును, కూరయు, పీచును పోవుట కీడు. రేషను దుకాణము కడుపు నింపినది గాని పళ్ళెమును నింపలేదు.

గుండె చెప్పు లెక్కలు

ఒక్క క్రొవ్వే గుండెజబ్బునకు మూలమని ఒకప్పుడు గట్టిగా నమ్మిరి. 1958లో అన్సెల్ కీస్ ఆరంభించిన ఏడు దేశముల పరిశోధన జంతువుల క్రొవ్వునకును, గుండెజబ్బునకును గల సంబంధమును చూపినది. కాని మన రైల్వే వైద్యుడు ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో ప్రకటించిన పరిశీలన మరియొక ప్రశ్న లేవదీసినది. పాలు, నెయ్యి విస్తారముగా వాడు పంజాబు ప్రాంతపు రైల్వే ఉద్యోగులకన్న, క్రొవ్వు తక్కువగా తిను దక్షిణాది ఉద్యోగులలో గుండెజబ్బు మరణములు సుమారు ఏడు రెట్లు అధికమని అతడు కనుగొనెను. ఈ లెక్కలకు లోపములు చూపినవారును కలరు. ఐనను క్రొవ్వు ఎంత తక్కువైనను భోజనమంతయు తెల్లబియ్యమైనచో నిశ్చింత లేదని అనుమానింపవలసి వచ్చినది. 21 దేశములలో లక్షకు పైగా జనులను ఏండ్ల తరబడి పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితము ఈ అనుమానమును బలపరచినది. తెల్లబియ్యము ఎక్కువగా తినువారిలో మధుమేహము ఎక్కువగా కలిగినది. ఆ సంబంధము దక్షిణాసియాలో అన్నిటికన్న బలముగా ఉన్నది. మధుమేహము గుండెజబ్బునకు దగ్గరి త్రోవ.

దేశమంతటి లెక్కలలో 1990లో మొత్తము మరణములలో నూటికి 15 గుండెకు, రక్తనాళములకు సంబంధించినవి కాగా, 2016 నాటికి అవి నూటికి 28 ఐనవి. ఇది పట్టణముల బాధయే కాదు. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల 45 గ్రామములలో నమోదైన మరణముల కారణములు విచారింపగా, నూటికి 32 ఈ జబ్బులవలననే సంభవించినవని తేలినది. అంటువ్యాధులవలన కలిగినవి 12 మాత్రమే. దీనికి తిండి ఒక్కటే కారణము కాదు. బీడీ, చుట్ట, ఉప్పు, పచ్చళ్ళు, తగ్గిన కాయకష్టము, పెరిగిన ఆయుర్దాయము అన్నియు కలిసి పనిచేసినవి.

తల్లి గర్భములోని ఆకలి

ఇక ఆశ్చర్యకరమైన సంగతి. పూర్వపు ఆకలికిని నేటి గుండెజబ్బునకును సంబంధము కలదు. ఇంగ్లండులో డేవిడ్ బార్కరు 1989లో పాత జనన పత్రములు పరిశీలించి, పుట్టినపుడును, మొదటి ఏటను బరువు తక్కువగా ఉన్నవారు పెద్దవారైన పిదప గుండెజబ్బుతో ఎక్కువగా మరణించిరని చూపెను. గర్భములో తిండి చాలని శిశువు దేహము పొదుపునకు అలవాటుపడును. అట్టి దేహమునకు తరువాత తిండి సమృద్ధియైనచో దానిని సరిగా సంబాళించుకొనలేదు.

ఈ విషయమును మన పల్లెలలో పరీక్షించు అవకాశము కలిగినది. 1987-90లో హైదరాబాదునకు సమీపమున 29 గ్రామములను తీసికొని, 15 గ్రామములలో గర్భిణులకు, పిల్లలకు ప్రతిదినము ఉప్మా వండి పెట్టిరి. మిగిలిన 14 గ్రామములలో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్ల వయస్సునకు వచ్చిన తరువాత, 2003-05లో జాతీయ పోషకాహార సంస్థవారు ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి 1,165 మందిని మరల పరీక్షించిరి. ఉప్మా అందిన గ్రామముల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండిరి. వారి దేహములో ఇన్సులిన్ మెరుగుగా పనిచేయుచుండెను. ధమనులు ఎక్కువ మెత్తగా ఉండెను. రక్తపు పోటులోను, కొలెస్టరాలులోను మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు. ఫలితము చిన్నదే, ఐనను గర్భిణికి పెట్టిన ఉప్మా పదునైదేండ్ల పిదప బిడ్డ ధమనులలో కానవచ్చుట సామాన్య విషయము కాదు.

దీనినుండి తెలియునదేమి? పాత భోజనపు కూర్పు గుండెను కాపాడునది. పాత భోజనపు కొరత గుండెకు కీడు చేసినది. రెండును ఒకే పళ్ళెములో ఉండెడివి. పొగడువారు మొదటిదానినే చూతురు. నిందించువారు రెండవదానినే చూతురు.

ఇక చేయవలసినది

గతమునకు మరలిపోనక్కరలేదు. గతమునుండి మంచిని ఏరుకొనిన చాలును. దినమునకు ఒక పూటయైనను జొన్నరొట్టెయో, గటకయో, కొర్రన్నమో తినుట, అన్నము కొంత తగ్గించి ఆ మేరకు పప్పును, ఆకుకూరను పెంచుట, ఉప్పు తగ్గించుట, పొగాకు మానుట.  ఇక్రిశాట్, పోషకాహార సంస్థ తదితరులు అనేక పరిశోధనలను సమీకరించి 2021లో ప్రకటించిన ఫలితమునుబట్టి చిరుధాన్యములు తిన్నవారిలో కొలెస్టరాలు సుమారు నూటికి 8 వంతులు తగ్గినది. ఐనను జొన్న మందు కాదు. వైద్యుడిచ్చిన మాత్రలు మాని రొట్టెను నమ్ముకొనుట ప్రమాదము.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. సభలు ముగిసినవి. పట్టణములలో కొర్రలు, సామలు అందమైన పొట్లములలో, బియ్యముకన్న అధిక ధరకు అమ్ముడగుచున్నవి. పూర్వము పేదవాని తిండియైనది నేడు పేదవానికే అందకపోవుట విచారకరము. సన్నబియ్యము ఇచ్చు దుకాణములోనే కొంత జొన్నయు, కొంత కందిపప్పును లభించినచో, ఆ జొన్నను కొత్తకోట చల్కలలో పండించిన రైతుకు గిట్టుబాటు ధర దొరికినచో, ఆకలి తీర్చిన చేయియే గుండెను కూడ కాపాడగలదు. గర్భిణికి కడుపునిండ మంచి భోజనము, నడివయస్కునికి మితమైన అన్నము, అందరికిని పప్పు, కూర. పాలమూరు చరిత్ర మనకు నేర్పు పాఠమిది.