వండర్ వుమన్ కంటే ముందు వచ్చిన ఆడ సూపర్‌హీరోలు, వాళ్ళ వెనుక నిలబెట్టిన అడవి జనం

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

మొదటి ఆడ సూపర్‌హీరో ఎవరు అంటే మనలో చాలామంది ఆలోచించకుండా వండర్ వుమన్ అంటాం. సినిమా చూశాం కాబట్టి. కానీ ఆమె 'ఆల్ స్టార్ కామిక్స్' 8వ సంచికలో తొలిసారి కనబడేసరికి, అంటే 1941 చివరికి, అమెరికాలో ఆడ హీరోలు వచ్చి ఏడాదిన్నర దాటింది. వాళ్ళలో మొదటిది ఎవరన్న దాని మీద కామిక్స్ చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. తేదీలు తెలియక కాదు, తేదీలు అట్టల మీదే అచ్చయి ఉన్నాయి. అసలు సూపర్‌హీరో అంటే ఎవరన్నదే తేలలేదు.

ఆ మాటను కొలిచే పని మొదట కోర్టుల్లో జరిగింది. 1938 జూన్ తేదీతో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వచ్చింది, అందులో సూపర్‌మ్యాన్. రాసిన జెర్రీ సీగెల్, గీసిన జో షూస్టర్ ఆ బొమ్మ మీద హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1939లో ఇంకో కంపెనీ వండర్ మ్యాన్ అని ఒకణ్ణి దించింది, వెంటనే కేసు పడింది. 1940లో అప్పీలు కోర్టు అది సూపర్‌మ్యాన్‌కు నకలేనని తేల్చింది. జడ్జీలు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి బలం, వేషం, చేసే మంచి పనులు ఒక్కొక్కటే పోల్చి చూశారు. తర్వాత చాలా ఏళ్ళకు, 2006లో, పీటర్ కూగన్ అనే పరిశోధకుడు ఇదే వరుసను ఒక నిర్వచనంగా చెప్పాడు. సూపర్‌హీరోకు మూడుండాలి: సొంత లాభం లేని ఒక లక్ష్యం, మామూలు మనిషికి లేని శక్తి, పేరూ వేషమూ కలిసిన ఒక గుర్తింపు. చదువుకునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా వాడేది ఈ కొలతే. బ్యాట్‌మ్యాన్‌కు శక్తులు లేవు కదా అంటే మిగతా రెండూ గట్టిగా ఉన్నాయిగా అని సర్దుకుంటారు. మగవాళ్ళ విషయంలో ఈ సర్దుబాటు తొందరగా జరిగిపోతుంది. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి తూకం రాళ్ళు బయటికి తీస్తారు.

ముందు షీనా సంగతి. విల్ ఐస్నర్, జెర్రీ ఐగర్ తయారుచేసిన ఈ 'అడవి రాణి' 1938 సెప్టెంబర్ తేదీతో 'జంబో కామిక్స్'లో అమెరికాకు వచ్చింది. 1942 వసంతంలో ఆమె పేరుతోనే ఒక పుస్తకం మొదలైంది. ఒక ఆడ పాత్ర పేరు మీద వచ్చిన మొదటి కామిక్ పుస్తకం అదే, వండర్ వుమన్ పుస్తకం కంటే కొన్ని నెలలు ముందు. షీనాకు శక్తులు లేవు. కత్తి, ఈటె, చిరుతపులి తోలు బట్ట, అంతే. తండ్రి పోయాక ఒక ఆఫ్రికా మంత్రవైద్యుడు పెంచిన తెల్ల పిల్ల. పెరిగి పెద్దదై ఆ అడవికే రాణి అయింది. పెంచిన జాతికి చెందిన ఆడపిల్ల ఎవరైనా రాణి అయిందా అంటే, లేదు. వాళ్ళు బొమ్మ వెనకాల ఈటెలు పట్టుకుని నిలబడతారు, లేదంటే భయపడి పరిగెత్తుతారు. మన దగ్గర 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్ చదివిన తరానికి ఈ ఏర్పాటు బాగా తెలుసు. అడవి జనం ఉంటారు, వాళ్ళకు దిక్కు బయటి జాతి మనిషి. మనం పెద్దగా పట్టించుకోకుండా చదివేశాం, ఎందుకంటే కథ బాగుంటుంది.

శక్తులున్న మొదటి ఆడ హీరో అని ఎక్కువమంది ఒప్పుకునేది ఫాంటోమా. 1940 ఫిబ్రవరి, 'జంగిల్ కామిక్స్' 2వ సంచిక. ఈమెదీ అడవే. బంగారు జుట్టు అందగత్తెలా కనిపిస్తుంది. అడవికి కీడు చేయడానికి ఎవడైనా వస్తే ముఖం నీలం రంగు పుర్రెలా మారిపోతుంది, జుట్టు మాత్రం అలాగే బంగారంలా ఉంటుంది! గాలిలో తేలుతూ వచ్చి ముందు హెచ్చరిస్తుంది, వినకపోతే శిక్ష వేస్తుంది. ఆ శిక్షలు చదివితే వింతగా, కొంచెం భయంగా ఉంటుంది. మనుషుల ఆకారాలే మార్చేస్తుంది. నిధుల కోసం, జంతువుల కోసం, పెత్తనం కోసం అడవిలో చొరబడే వాళ్ళే ఎక్కువగా ఆమెకు శత్రువులు. ఇది చదివినప్పుడు మాకు నచ్చిందని ఒప్పుకుంటాం. అడవిలోకి వచ్చినవాడిని నువ్వెందుకొచ్చావు అని అడిగే మనిషి ఆ కాలం కామిక్స్‌లో అరుదు. కానీ ఆమె కాపాడేది అడవిని. అడవిలో ఉండే మనుషులతో ఆమెకు చుట్టరికం లేదు, ఊరు లేదు, కలిసి తిన్న జ్ఞాపకం లేదు. కూగన్ కొలత పెడితే లక్ష్యం ఉంది, శక్తి బోలెడంత ఉంది, మారు పేరు లేదు, చెప్పుకోదగ్గ వేషం కూడా లేదు. అందుకే కొందరు ఆమెను లెక్కలోకి తీసుకోరు.

ఫాంటోమాను గీసింది ఫ్లెచర్ హాంక్స్, వేరే పేరు పెట్టుకుని. 1939 నుంచి 1941 దాకా గీసి కామిక్స్ వదిలేసి పోయాడు. 2007లో పాల్ కరాసిక్ ఆయన కథలు పోగుచేసి పుస్తకం వేసినప్పుడు కొడుకును కలిశాడు. తండ్రి తాగుబోతు, ఇంట్లో వాళ్ళను కొట్టేవాడు, చివరికి వదిలేసి వెళ్ళిపోయాడని కొడుకు చెప్పాడు. దుర్మార్గులను శిక్షించే ఆడదాన్ని మొదట గీసిన చెయ్యి ఇది. దీన్నుంచి పెద్ద నీతి ఏదో తీయాలని మాకు లేదు, ఉన్న సంగతి చెప్పాం.

నెల తిరగకుండా 1940 మార్చిలో 'థ్రిల్లింగ్ కామిక్స్' 2వ సంచికలో ఎర్ర వేషం మనిషి, 'ద వుమన్ ఇన్ రెడ్', వచ్చింది. పెగ్గీ ఆలెన్ అనే పోలీసామె ఎర్రటి ముసుగు, అంగీ వేసుకుని కేసులు పట్టుకునేది. వేషం ఉంది, మారు పేరు ఉంది, శక్తి లేదు. ఫాంటోమాకు సరిగ్గా తిరగేసి. అదే ఏడాది జూన్‌లో పత్రికల్లో స్కార్లెట్ ఓ'నీల్ మొదలైంది, మణికట్టు మీద ఒక నరం నొక్కుకుంటే మాయమైపోతుంది. ఈమెకు శక్తి ఉంది, వేషం లేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి తగ్గుతుంది చూడండి.

మాకు అందరికంటే ఇష్టమైనది మా హంకెల్. 'మా' అంటే ఇక్కడ అమ్మ. షెల్డన్ మేయర్ గీసిన ఈమె ఒక పేట తల్లి. లావుగా, బలంగా ఉంటుంది, కిరాణా కొట్టు నడుపుతుంది. ఇంట్లో పిల్లవాడికి గ్రీన్ లాంటర్న్ అంటే పిచ్చి. కూతురిని, పక్కింటి పిల్లవాణ్ణి రౌడీలు ఎత్తుకుపోతే పోలీసుల కోసం చూస్తూ కూర్చోలేదు. చలికి లోపల తొడుక్కునే ఎర్ర బట్టలు పైకి వేసుకుని, వంట గిన్నెకు కళ్ళకు కన్నాలు పెట్టి తలకు బోర్లించుకుని వెళ్ళి వాళ్ళను చితక్కొట్టింది. 1940 నవంబర్, 'ఆల్ అమెరికన్ కామిక్స్' 20వ సంచిక. పేరు రెడ్ టోర్నడో. జనమంతా మగవాడు అనుకున్నారు! ఆ తర్వాత హీరోలంతా కలిసి సంఘం పెట్టుకున్న మొదటి మీటింగుకు కూడా వెళ్ళింది, కానీ ప్యాంటు చిరిగిపోయి మధ్యలోనే వెనక్కి వచ్చేసింది. అది నవ్వుకోవడానికి రాసిన పాత్రే, సూపర్‌హీరోలను వెక్కిరించడానికి. కానీ నిర్వచనం పెట్టి చూడండి. లక్ష్యం ఉంది, వేషం ఉంది, మారు పేరు ఉంది, శక్తి అంటారా, కొట్టు మూటలు మోసిన చేతులు. పైగా ఆమెకు ఒక పేట ఉంది, ఆ పేట జనం కోసమే ఆమె దిగింది. షీనాకీ ఫాంటోమాకీ లేనిది అదే. మొదటి సూపర్‌హీరో పీట మీద మేమైతే ఈమెనే కూర్చోబెడతాం, ఎవరైనా కాదంటే కామెంట్లలో కొట్లాడదాం.

1941 ఏప్రిల్‌లో మిస్ ఫ్యూరీ వచ్చింది. ఆడమనిషి సృష్టించిన మొదటి ఆడ సూపర్‌హీరోగా చెప్పేది ఈమెను. గీసిన జూన్ టార్పే మిల్స్ తన పేరులో 'జూన్' తీసేసి సంతకం పెట్టేది. ఇంత పోట్లాట కథలు గీసేది ఒక అమ్మాయి అని తెలిస్తే పిల్లలు నిరాశపడతారని ఆమె ఉద్దేశం. అంటే కథలో హీరోకు ముసుగు ఉన్నట్టే గీసినామెకూ ముసుగు. మిస్ ఫ్యూరీ వేసుకునే నల్ల చిరుత తోలు ఎక్కడిదంటే, ఆఫ్రికాలో పూజల్లో వాడిందట, బంధువు ఒకాయన ద్వారా ఆమెకు దక్కింది. శక్తి అక్కడిది, వాడకం న్యూయార్క్‌లో. ఇలాంటివి ఒకటి తర్వాత ఒకటి చదువుతుంటే ఒక సంగతి అర్థమైపోతుంది. ఆ కాలం కామిక్స్‌కు అడవి, అడవి జాతుల నమ్మకాలు ఒక గోదాము లాంటివి. కావాల్సినప్పుడు వెళ్ళి తెచ్చుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

వండర్ వుమన్ గురించి తక్కువే రాస్తాం, అందరికీ తెలిసిందే. విలియం మార్స్టన్ అనే సైకాలజిస్టు రాశాడు, హెచ్.జి. పీటర్ గీశాడు. బలం లేని ఆడపాత్రలను చూస్తే ఆడపిల్లలకే ఆడపిల్లగా ఉండాలనిపించదని మార్స్టన్ వాదన. మంచి మాట. కానీ 1942లో ఆమెను హీరోల సంఘంలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన పదవి ఏంటో తెలుసా? సెక్రటరీ. మగ హీరోలు యుద్ధానికి వెళ్తుంటే, అందరిలోకీ బలవంతురాలు ఆఫీసులో కూర్చుని మినిట్స్ రాయాలి. ఆ సంఘం కథలు రాసింది మార్స్టన్ కాదు లెండి. మనవాళ్ళ సంఘాల్లో కూడా అమ్మాయిలకు ఏ పదవులు ఇస్తున్నామో ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మనిషి, నెల్వానా. వండర్ వుమన్ కంటే కొన్ని నెలల ముందు, 1941 ఆగస్టులో, కెనడాలో పుట్టింది. యుద్ధం వల్ల డాలర్లు మిగుల్చుకోవాలని కెనడా ప్రభుత్వం 1940 డిసెంబర్‌లో చట్టం చేసి అమెరికా కామిక్స్ దిగుమతి ఆపేసింది. ఆ ఖాళీలో సొంత కామిక్స్ మొదలయ్యాయి. ఫ్రాంజ్ జాన్స్టన్ అనే చిత్రకారుడు ఉత్తరాన మంచు దేశం తిరిగొచ్చి, అక్కడి ఇన్యూయిట్ ఆదివాసుల దగ్గర విన్న కథలు ఏడ్రియన్ డింగిల్‌కు చెప్పాడు. నెల్వానా అన్న పేరు ఒక ఇన్యూయిట్ పెద్దామెది. డింగిల్ ఆ పేరు తీసుకుని పడుచు పిల్లను చేసి, పొట్టి గౌను తొడిగి, ముఖం తెల్లవాళ్ళ ముఖంలా గీశాడు. కథలో ఆమె తండ్రి కోలియాక్, ఉత్తరపు ఆకాశంలో రాత్రిళ్ళు ఆడే వెలుగులకు రాజు. తల్లి మామూలు మనిషి. నెల్వానా ఆ వెలుగు మీద ఎగురుతుంది, మాయమవుతుంది, తండ్రి కిరణంతో లోహాన్ని కరిగిస్తుంది. మొదటి కథల్లో ఉత్తరాది జనాన్ని కాపాడుతుంది. తర్వాత దక్షిణానికి వచ్చి ఎలానా నార్త్ అన్న మారు పేరుతో ప్రభుత్వ గూఢచారిగా పనిచేస్తుంది. కూగన్ మూడు కొలతలూ సరిపోతాయి, ఎక్కడా తక్కువ పడదు.

సరిగ్గా అదే 1941లో కెనడా ప్రభుత్వం అసలు ఇన్యూయిట్లకు ఏం ఇచ్చిందో చూడండి. వాళ్ళ పేర్లు అధికారులకు పలకడం రాలేదు, రాయడం రాలేదు, ఇంటి పేర్లు లేవు. అందుకని ఒక్కొక్కరికి నంబరు వేసిన చిన్న బిళ్ళ ఇచ్చి మెడలో వేసుకోమన్నారు. ఉత్తరాలకు, లెక్కలకు, సాయానికి, అన్నింటికీ ఆ నంబరే. దాదాపు 1970ల చివరిదాకా కొన్నిచోట్ల ఆ బిళ్ళల పద్ధతి నడిచింది. 1934లో తీసేసిన ఓటు హక్కు 1950 దాకా తిరిగి ఇవ్వలేదు. పుస్తకంలో వాళ్ళ దేవత బిడ్డకు రెండు పేర్లు, బయట వాళ్ళకు ఒక్క పేరు కూడా మిగల్లేదు. బడిలో చేరిన రోజే ఇంట్లో పిలిచే పేరు పోయి రిజిస్టర్‌లో సారు రాసిన పేరు మిగిలిన వాళ్ళు మనలోనూ ఉన్నారు కాబట్టి, ఈ బిళ్ళల సంగతి మనకు వేరేగా వివరించక్కర్లేదు.

ఇక్కడే కూగన్ నిర్వచనం సరిపోదని మాకనిపిస్తుంది. లక్ష్యం ఉందా అని అడిగాడు కానీ, ఎవరి కోసం, వాళ్ళు పిలిచారా అని అడగలేదు. శక్తి ఉందా అని అడిగాడు, ఆ శక్తి ఎవరి నమ్మకంలోంచి తీసుకున్నారని అడగలేదు. మనలో కొందరు సమ్మక్క సారలమ్మ బొమ్మలకు వెనక కేప్ తగిలించి సూపర్‌వుమన్ అని పోస్టర్లు వేయాలని ఉత్సాహపడతారు. ప్రేమతోనే, తప్పు పట్టం. కానీ చిలకలగుట్ట నుంచి గద్దెకు కుంకుమ భరిణెగా వచ్చే తల్లికి వేషం, మారు పేరు తగిలిస్తే ఆమె పెరగదు, అమెరికా కొలతకు తగ్గుతుంది. సూపర్‌హీరో అనేది 1938 తర్వాత పుస్తకాల అంగట్లో పుట్టిన సరుకు. దాన్ని దానిలా చదువుదాం, ఆనందిద్దాం. వేల్పులు వేరు.

నెల్వానా కథలు 1947లో ఆగిపోయాయి. యుద్ధం అయిపోయింది, అమెరికా కామిక్స్ మళ్ళీ వచ్చాయి, కెనడావి నిలబడలేదు. 1995లో కెనడా తపాలా శాఖ వేసిన 5 సూపర్‌హీరో స్టాంపుల్లో ఆమె ఒకటి, సూపర్‌మ్యాన్ పక్కన. 2014లో హోప్ నికల్సన్, రేచల్ రిచీ అనే ఇద్దరు చందాలు పోగుచేసి పాత కథలన్నీ ఒక పుస్తకంగా మళ్ళీ అచ్చు వేశారు.

2018లో మార్వెల్ కంపెనీ 'చాంపియన్స్' కథల్లోకి ఆమ్కా అలియాక్ అనే ఇన్యూయిట్ అమ్మాయి వచ్చింది. హీరో పేరు స్నోగార్డ్. ఉత్తర ధ్రువపు జంతువుల రూపాల్లోకి మారుతుంది. ఊరు పాంగ్నిర్టుంగ్, నునావుట్‌లో నిజంగా ఉన్న ఊరే. ఆ పాత్రను తయారుచేసిన ముగ్గురిలో నైలా ఇన్నుక్సుక్ ఒకరు. సినిమాలు తీస్తుంది, ఇన్యూయిట్ మనిషి. సంతకంలో పేరు పూర్తిగానే పెట్టుకుంది.