ఎంబారేలో చెట్టు కింద బల్ల

మీరు జింబాబ్వే రాజధాని హరారే నడిబొడ్డున కోంబీ ఎక్కారు. కోంబీ అంటే ఇక్కడి షేరు వ్యాను. సీట్లన్నీ నిండితే గానీ కదలదు. దక్షిణంగా కాస్త దూరం పోగానే ఎంబారే వస్తుంది. ముసికా సంతలో టమాటా గంపలు, ఆకుకూర కట్టలు, గుట్టలు పోసిన పాత బట్టలు, దూరపు ఊళ్లకు పోయే బస్సుల హారన్లు. అవన్నీ దాటుకుని నగరపాలక సంస్థ క్లినిక్ ఆవరణలోకి రండి. లోపల చంటిపిల్లల తల్లులు, హెచ్‌ఐవీ మందుల కోసం వచ్చినవాళ్లు బారులు తీరి ఉన్నారు. మీరు లోపలికి వెళ్లక్కర్లేదు. బయట చెట్టునీడన ఒక చెక్క బల్ల ఉంది చూశారా, అక్కడ ఆగండి. బల్ల మీద ఒక అవ్వ, ఆమె పక్కన ఒక నోటుపుస్తకం, పెన్ను.

ఒక అమ్మాయి వచ్చి, చేతులు దొప్పల్లా పట్టి మెల్లగా చప్పట్లు చరుస్తుంది. ఇక్కడి షోనా జాతి ఆడవాళ్లు పెద్దల్ని పలకరించే తీరు అది.

"రాత్రి బాగా నిద్రపోయావా తల్లీ?"

"మీరు నిద్రపోతే నేనూ నిద్రపోయినట్టే అవ్వా."

పొద్దున్నే ఎవరు కలిసినా ఇక్కడ ఇదే పలకరింపు. కానీ ఈ అమ్మాయి కళ్లు చూస్తే తెలుస్తోంది, నిద్ర లేదు. ఈమె పేరు, ఇల్లు అడగకండి. ఈ బల్ల దగ్గరికి వచ్చే చాలామంది కష్టాలు కలిపి ఈమెలో చెబుతున్నాను.

అవ్వ తొందరపడదు. వారం రోజులుగా ఏవేవో ఆలోచనల్లో మునిగిపోతున్నావా? అవును. చిన్నదానికే కోపం వస్తోందా? అవును. కడుపులో నొప్పి? అవును. పీడకలలు? పని వెనకబడుతోందా? ఏడుపొచ్చేంత కష్టంగా అనిపించిందా? దీనికి జవాబు రాలేదు, కన్నీళ్లే వచ్చాయి. అవ్వ ఆగింది. కాసేపటికి అదే గొంతుతో అడిగింది: చచ్చిపోదామనిపించిందా? అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అవునని ఉంటే అవ్వ ఒంటిచేత్తో మోయదు, వెంటనే లోపలున్న నర్సుకు అప్పగిస్తుంది.

ఇలాంటివి 14 ప్రశ్నలు. తొమ్మిదింటికో అంతకు మించో అవునంటే బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే. ఈ ప్రశ్నలు లండన్ నుంచో న్యూయార్క్ నుంచో దిగుమతైనవి కావు. 1990లలో మన దేశపు మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ హరారేలో పనిచేస్తూ, అక్కడి సహచరులతో కలిసి, రోగులు తమ బాధను తమ నోటితో ఎలా చెప్పుకుంటారో విని వీటిని కూర్చారు. ఆ తర్వాత ఆయనే గోవాలో 'సంగత్' సంస్థను మొదలుపెట్టినవారిలో ఒకరయ్యారు.

అసలు ఈ బల్ల ఇక్కడికి ఎలా వచ్చింది? 2005లో జింబాబ్వే ప్రభుత్వం 'మురంబాత్స్వినా' పేరుతో పేదల ఇళ్లు, దుకాణాలు కూల్చింది. ఇల్లో జీవనోపాధో పోయినవాళ్లు సుమారు ఏడు లక్షలని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. అప్పుడు దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఒకరు డిక్సన్ చిబాండా. ఆయన చూస్తున్న ఒక యువతి, ఆస్పత్రికి రావడానికి బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆగిపోయి, ప్రాణం తీసుకుంది. ఆ మరణం తర్వాత ఆయన ఆస్పత్రి బయటికొచ్చి పనిచేయాలనుకున్నారు. క్లినిక్‌లో గది దొరకలేదు, నర్సులకు తీరిక లేదు. 2006లో ఆయనకు దొరికింది 14 మంది అవ్వలు. వీధి వీధీ తిరిగి ఆరోగ్యం మాటలు చెప్పే అనుభవం ఉన్నవాళ్లు.

క్లినిక్ బయట వేసిన బల్లకు మొదట ఆయన 'మానసిక ఆరోగ్య బల్ల' అని పేరు పెట్టారు. ఆ పేరు వింటే ఎవరూ కూర్చోరని అవ్వలు తేల్చేశారు. స్నేహపు బల్ల అందాం అన్నారు. డిప్రెషన్ అనే మాట కూడా వద్దు, మా జనం 'కుఫుంగిసిస' అంటారు, అంటే అతిగా ఆలోచించడం, అలాగే అడుగుదాం అన్నారు. డాక్టరు ఒప్పుకున్నారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ ఒప్పుకోలు. స్థానికుల చేత కరపత్రం తిరగరాయించి, దాన్నే సమాజ భాగస్వామ్యం అనే కార్యక్రమాలు చాలా ఉన్నాయి. ఇక్కడ మార్చే అధికారమే అవ్వల చేతికొచ్చింది.

మళ్లీ బల్ల వైపు చూడండి. అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. భర్త వదిలి వెళ్లాడు, హెచ్‌ఐవీ ఉందని తేలింది, అద్దె బాకీ, పిల్లాడి బడి ఫీజు. అవ్వ ఒక్కొక్కటీ రాసుకుంది. ఓదార్పు మాటలు ఏకరువు పెట్టలేదు, ఇలా చెయ్ అని సలహా పడేయలేదు.

"ఇన్నిట్లో ముందు దేన్ని పట్టుకుందాం?"

చాలాసేపటికి అమ్మాయి అంది: "అద్దె."

"అద్దెకు ఏమేం చేయొచ్చు, నువ్వే చెప్పు."

పిన్ని సంతలో టమాటాలు అమ్ముతుంది, ఆమె పక్కన కాస్త చోటు అడగొచ్చు. ఇంటి యజమానితో మాట్లాడి వాయిదాల్లో కట్టొచ్చు. శుక్రవారంలోగా పిన్నిని కలవాలని రాసుకున్నారు. వచ్చే వారం మళ్లీ ఈ బల్ల దగ్గరికే. ఇలా ఆరుసార్ల దాకా కూర్చుంటారు. ఆ తర్వాత ఇదే దారిలో వచ్చిన ఆడవాళ్ల గుంపులో చేరొచ్చు. అక్కడ వాడేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు, వాటిని అమ్ముకుంటారు.

ఇది మంచి మనసున్నవాళ్ల సరదా సేవ అనుకునేవాళ్ల కోసం లెక్కలు చెబుతాను. హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వైద్య పత్రిక 'జామా'లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యం అందినవాళ్లలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలాయి. బల్ల మీద కూర్చున్నవాళ్లలో అలా మిగిలింది 13.7 శాతం మందికే. బల్ల అద్దె కట్టదు, హెచ్‌ఐవీని పోగొట్టదు, తీవ్రమైన మానసిక జబ్బుకు డాక్టరు కావాల్సిందే. కానీ బస్సు ఛార్జీ లేని మనిషికి కూడా నడిచి వెళ్లేంత దూరంలో అది ఉంది.

ఇలాంటి ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. మన పశ్చిమ గోదావరిలోనూ, హర్యానాలోనూ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కుంగుబాటును గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండే పద్ధతిని పరీక్షించారు. వాళ్లు పనిచేసిన చోట బాధితుల కుంగుబాటు మిగతా చోట్ల కన్నా బాగా తగ్గిందని ఫలితాలు వచ్చాయి. కాబట్టి అధికారులకు నా విన్నపం ఒకటే: ఆశాల చేతిలో ఇంకో రిజిస్టరు పెట్టే ముందు, ఏ మాటతో అడిగితే తమ ఊరి జనం నోరు విప్పుతారో ఆశాలనే అడగండి, వాళ్లు చెప్పినట్టు మార్చండి. ఇది చదువుతున్న మీకే మనసు బాగాలేకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.