ఇవాంకివ్ రయోన్

ఇవాంకివ్ రయోన్ ఉక్రెయిన్‌లోని కీవ్ ఒబ్లాస్ట్ ఉత్తర భాగంలో 1923 నుంచి 2020 వరకు ఉన్న గ్రామీణ పాలనా విభాగం. ఒబ్లాస్ట్‌ను జిల్లా అనుకుంటే రయోన్‌ను మన పాత తాలూకా అనుకోవచ్చు. దీని కేంద్రం తెతెరివ్ నది ఒడ్డున, కీవ్ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇవాంకివ్ అనే చిన్న పట్నం. ఈ పేరు విన్నవాళ్లు తక్కువే. చెర్నోబిల్ పేరు మాత్రం తెలియనివాళ్లు ఉండరు. ఆ చెర్నోబిల్ 1988 నుంచి 2020 దాకా ఇవాంకివ్ రయోన్‌లోనే ఉండేది.

నేల, నీరు

ఇది పొలిస్సియా అనే ప్రాంతం. ఉక్రెయిన్ అనగానే గుర్తొచ్చే నల్లరేగడి గోధుమ మైదానాలు ఇక్కడ కనిపించవు. ఇసుక కలిసిన బీద నేలలు, పైన్, బిర్చ్ అడవులు, పీట్ పేరుకున్న చిత్తడి బయళ్లు ఉంటాయి. నదులన్నీ నీపర్ నది వైపే సాగుతాయి. తెతెరివ్ నది రయోన్ దక్షిణ భాగం గుండా పారి కీవ్ జలాశయంలో కలుస్తుంది. ఉజ్ నది చెర్నోబిల్ దగ్గర ప్రిప్యాత్ నదిలోకి చేరుతుంది, ప్రిప్యాత్ కూడా చివరికి జలాశయానికే వెళుతుంది. 1960లలో నీపర్‌కు అడ్డుకట్ట వేసి కట్టిన ఈ జలాశయం తూర్పు అంచు గ్రామాలకు చేపల వేటను తెచ్చింది. పొలాల్లో బంగాళాదుంప, రై, అవిసె ప్రధాన పంటలు. అవిసె నారతో నేసిన బట్ట ఈ ప్రాంతపు పాత చేతిపని. అడవిలో పుట్టగొడుగులు, బెర్రీలు ఏరుకోవడం ఇక్కడివారికి సరదా కాదు, ఇంటి తిండిలో అదొక భాగం.

చరిత్ర

పోలిష్-లిథువేనియన్ రాజ్యం కింద ఉన్న ఈ నేల 1793లో పోలండ్ రెండో విభజనతో రష్యా సామ్రాజ్యం చేతికి వచ్చింది. ఆ తర్వాత ఇవాంకివ్, చెర్నోబిల్ రెండూ కీవ్ గుబెర్నియా అనే పెద్ద పాలనా ప్రాంతంలోని రదొమిష్ల్ ఉయెజ్ద్ అనే ఉపవిభాగం కింద ఉండేవి. రెండు పట్నాల్లోనూ యూదులు పెద్ద సంఖ్యలో నివసించేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో మెనాహెమ్ నాహుమ్ త్వెర్‌స్కీ నెలకొల్పిన హసిదీ (యూదు భక్తి ఉద్యమ) గురుపరంపర చెర్నోబిల్ పేరుతోనే ప్రసిద్ధమైంది. అణుకేంద్రానికి ముందు ఈ ఊరికి వేరే కీర్తి ఉండేదని చాలామందికి తెలియదు.

సోవియట్ ప్రభుత్వం 1923లో పాత ఉయెజ్ద్‌లను తీసేసి రయోన్‌లను ఏర్పరచినప్పుడు ఇవాంకివ్, చెర్నోబిల్ వేర్వేరు రయోన్‌లయ్యాయి. 1932లో ఏర్పడిన కీవ్ ఒబ్లాస్ట్ ఆ శీతాకాలం, మరుసటి ఏడాది హొలొదొమోర్ కరవులో దేశంలోకెల్లా ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. 1941లో వచ్చిన జర్మన్ ఆక్రమణ 1943 నవంబరు దాకా సాగింది. అప్పటికి ఇక్కడి యూదు సమాజం తుడిచిపెట్టుకుపోయింది.

బొలోత్న్యా చిత్రకారిణి

ఈ రయోన్ ప్రపంచానికి ఇచ్చిన గొప్ప వ్యక్తి ఎవరంటే మరియా ప్రిమచెంకో (1909–1997) పేరే చెప్పాలి. బొలోత్న్యా గ్రామంలో పుట్టిన ఆమెకు చిన్నప్పుడే పోలియో సోకింది. ఇంటి దగ్గర దొరికిన నీలపు మట్టితో గోడ మీద పూలు వేయడంతో ఆమె చిత్రకళ మొదలైంది. తర్వాత కాగితం మీద గువాష్ రంగులతో ఏ అడవిలోనూ లేని మృగాలను సృష్టించింది. వాటికి మనిషి కళ్లుంటాయి, ఒంటినిండా పూలు, చుక్కలు ఉంటాయి. బొమ్మ వెనక తన మాటల్లో పేరో, నాలుగు పాదాలో రాసిపెట్టేది. 1937 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆమె చిత్రాలు ప్రదర్శించారు. 1966లో షెవ్‌చెంకో బహుమతి వచ్చింది. అయినా జీవితమంతా దాదాపుగా ఆ ఊళ్లోనే గడిపింది. చెర్నోబిల్ అణు ప్రమాదం మీద కూడా బొమ్మలు వేసింది.

1986, ఆ తర్వాత

చెర్నోబిల్ రయోన్‌లో 1970లో నిర్మాణం మొదలైన అణు విద్యుత్ కేంద్రం నాలుగో రియాక్టరు 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున పేలింది. మర్నాడు మధ్యాహ్నం ప్రిప్యాత్ నగరంలోని సుమారు 49,000 మందిని బస్సుల్లో ఎక్కించి, ఎక్కువమందిని ఇవాంకివ్, పొలిస్కె రయోన్‌ల పల్లెల్లో దించారు. మే మొదట్లో చెర్నోబిల్ పట్నం, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఏడాది మొత్తం మీద ఇళ్లు వదిలినవారు లక్షా పదహారు వేలు.

జనం లేని రయోన్‌ను నడపడానికి ఆఫీసు అక్కరలేదు. 1988లో చెర్నోబిల్ రయోన్‌ను రద్దు చేసి ఇవాంకివ్‌లో కలిపేశారు. దాంతో ఇవాంకివ్ రయోన్ ఉన్నట్టుండి బెలారూస్ సరిహద్దు దాకా సాగి, సుమారు 3,600 చదరపు కిలోమీటర్లతో పటం మీద భారీగా కనిపించసాగింది. పెరిగింది నేలే. ఆ నేలలో చాలా భాగం ప్రమాదం తర్వాత జనాన్ని ఖాళీ చేయించి మూసేసిన నిషేధిత మండలం. దాన్ని నడిపే అధికారం కూడా వేరే ప్రభుత్వ సంస్థది. 2020 నాటికి రయోన్ జనాభా 30,000 లోపే, అందులో దాదాపు మూడో వంతు ఇవాంకివ్ పట్నంలోనే.

ఈ నిషేధిత మండలానికి ప్రధాన ద్వారం దిత్యాత్కి గ్రామం దగ్గర ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు పత్రాలు చూస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక లోహపు చట్రంలో నిలబడి రెండు అరచేతులూ పలకలకు ఆనించాలి, పచ్చ దీపం వెలిగితేనే బయటకు. ఈస్టర్ తర్వాతి రోజుల్లో మాత్రం ఊళ్లు వదిలిన కుటుంబాలను తమవాళ్ల సమాధుల దగ్గరికి పోనిచ్చేవారు. శిలువలకు కుట్టుపని తువ్వాళ్లు కట్టి, అక్కడే భోజనం చేసి సాయంత్రానికి వెనుదిరిగేవారు.

కంచె బయట ఉన్నవారికి కూడా ముప్పు తప్పలేదు. 2011–2019 మధ్య ఈ రయోన్‌లోని 13 ఊళ్ల నుంచి సేకరించిన 116 ధాన్యపు నమూనాలను పరీక్షిస్తే 45 శాతంలో రేడియోధార్మిక స్ట్రాన్షియం-90 అనుమతి పరిమితిని మించి ఉంది. కలుషితమైన కట్టెలు పొయ్యిలో కాలి, బూడిద ఎరువుగా మళ్లీ చేలకు చేరడం సమస్యను సజీవంగా ఉంచుతోందని పరిశోధకులు హెచ్చరించారు.

రద్దు, యుద్ధం

2020 జులైలో ఉక్రెయిన్ తన 490 రయోన్‌లను 136కు కుదించింది. ఇవాంకివ్ రయోన్ విష్‌హొరొద్ రయోన్‌లో కలిసిపోయింది. ఇవాంకివ్ ఇప్పుడు హ్రొమాడ అనే స్థానిక పాలనా సంఘానికి కేంద్రం మాత్రమే.

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు బెలారూస్ నుంచి ఈ నిర్జన మండలం మీదుగానే కీవ్ వైపు కదిలాయి. అదే రోజు అణుకేంద్రాన్ని పట్టుకున్నాయి. వారిని ఆపడానికి ఉక్రెయిన్ సైన్యం తెతెరివ్ మీది వంతెనను పేల్చేసింది. నెలాఖరులో ఇవాంకివ్ స్థానిక చరిత్ర మ్యూజియం మంటల్లో కాలిపోయింది. అందులోని ప్రిమచెంకో చిత్రాల్లో కొన్నింటిని ఊరివాళ్లు బయటకు తెచ్చి కాపాడగలిగారు. మార్చి నెలాఖరుకు సేనలు వెనక్కి వెళ్లాయి.

ఈ రయోన్ పేరుతో కనిపించే విస్తీర్ణం, జనాభా లెక్కలను వాడేవారు ముందు అవి ఏ ఏడాదివో చూసుకోవాలి. 1988కి ముందటి ఇవాంకివ్ అంకెల్లో చెర్నోబిల్ లేదు, ఆ తర్వాతి వాటిలో ఉంది.